వెనక ఒక్క చక్రం, ఒకరి వెనక ఒకరు కూసునే చిన్న ఎలక్ట్రిక్ కారు: ఈ డిజైన్ మన రోడ్లకు నిలుస్తదా?

హన్మకొండ_ఫ్యాబ్రికేటర్

అందరికి నమస్తే. మాది హన్మకొండల ఫ్యాబ్రికేషన్ షెడ్డు, ట్రాక్టర్ ట్రాలీలు, గేట్లు, గ్రిల్స్ చేస్తం. నేను, ఇద్దరు దోస్తులు (ఒకడు డిప్లొమా మెకానికల్, ఇంకొకడు ఈ-ఆటోల వైరింగ్ చేస్తడు) కలిసి ఇద్దరు కూసునే చిన్న ఎలక్ట్రిక్ కారు తయారు చేద్దామని మస్తు రోజుల సంది అనుకుంటున్నం. మొదటి బండి రోడ్డెక్కదు, తెలిసినోళ్ల రైస్ మిల్లు ఆవరణల, కాలేజీ గ్రౌండ్ల తిప్పి చూసుకుంటం. కాని డిజైన్ మాత్రం రేపు మన ఊర్లల్ల నిజంగ నడిచేటట్టు ఉండాలె, ఫొటోలు దిగడానికి చేస్తలేము.

ఎవరికోసమంటే మా అమ్మ, నాయిన లాంటోళ్లకు. మోకాళ్లు నొస్తయి, స్కూటర్ మీద ఎక్కువసేపు కూసోలేరు, ఎండకు వానకు కప్పు కావాలె, పెద్ద కారు కొనేంత పైసలు లేవు, ఉన్నా గల్లీల పెట్టే జాగ లేదు. కాజీపేట, హన్మకొండ, వరంగల్ మధ్యల తిరుగుడు, ఎప్పుడన్న వర్ధన్నపేట దాక పోయి వచ్చుడు, ఎంత తిరిగినా రోజుకు 60 కిలోమీటర్లు దాటదు.

ఇప్పటిదాక కాగితం మీద గీసుకున్నది ఇది. ముందు రెండు చక్రాలు, వెనక ఒక్కటి. సీట్లు ఒకదాని వెనక ఒకటి, బాడీ సన్నగ ఉంటే గాలి తక్కువ తగులుతది, కరెంటు తక్కువ తాగుతది, గల్లీల పడుతది అని. ముందు చక్రాల మధ్య దూరం 1.2 మీటర్లు, వీల్‌బేస్ (ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాక) 1.9 మీటర్లు, బ్యాటరీతో కలిపి ఖాళీ బరువు 350 కిలోలు. వెనక చక్రంలనే హబ్ మోటారు, ఇగ చెయిన్ లేదు, డిఫరెన్షియల్ (మలుపుల రెండు చక్రాలను వేరువేరు స్పీడుల తిరగనిచ్చే గేర్లు) లేదు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ 24, 100 ఏహెచ్‌వి (ఆంపియర్ అవర్లయి), అంటే దగ్గర దగ్గర 7.7 యూనిట్లు. టాప్ స్పీడు 70 చాలు. పైన సోలార్ ప్యానెల్. డోర్ ఒక్కటే, కప్పుతో సహా పైకి లేచేది.

ఇండ్ల ఎక్కడ దెబ్బతింటమో మొహమాటం లేకుండ చెప్పుండ్రి. పైపు ఇంకా కోయలేదు, ఇప్పుడైతే మార్చుకోవచ్చు.

ఎఫీసైకిల్_పాత_టీమ్

అన్నా, కాలేజీలో ఉన్నప్పుడు మేము ఎఫీసైకిల్ అనే ఇంజనీరింగ్ స్టూడెంట్ల పోటీకి ఇట్లాంటి బండే చేసినం, ముందు రెండు వెనక ఒకటి, పెడల్ ప్లస్ మోటారు, ఇద్దరు తొక్కేది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్న, ఓపికగా చదువు.

ముందు రెండు పెట్టుడు కరెక్టే. ఆటోలెక్క ముందు ఒక్కటే ఉంటే మలుపులో బ్రేక్ కొట్టినప్పుడు బరువు ఆ ఒంటి చక్రం వైపు పోతది, బండి ఒరిగేది అప్పుడే. నీ దాంట్లో బ్రేక్ కొడితే బరువు రెండు చక్రాలున్న వైపు పోతది కాబట్టి అక్కడ నువ్వు సేఫ్. అసలు పంచాయితీ అంతా వెనక కూర్చునే మనిషితోటి.

ఒక లెక్క ఉంది. ముందు చక్రాల మధ్య దూరంలో సగం తీసుకో, బరువు కేంద్రం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో దానితో భాగించు. నాలుగు చక్రాలు సమానంగా దూరం ఉన్న బండికి అక్కడితో అయిపోయింది, ఎన్ని జీల (ఒక జీ అంటే బండి బరువంత బలం పక్కకు గుంజుడు) మలుపు వరకు ఒరగకుండా నిలబడతదో వచ్చేస్తది. మూడు చక్రాలకు ఇంకోటి గుణించాలి, బరువు కేంద్రం వెనక చక్రం నుంచి ఎంత దూరంలో ఉంది, వీల్‌బేస్‌లో అది ఎన్నో వంతు అని. అంటే బరువు వెనక చక్రం దగ్గరికి జరిగినకొద్దీ బండి నిలబడే శక్తి తగ్గుకుంటూ పోతది.

నీ కొలతలు వేసి చూసిన. ఖాళీ బండి బరువు కేంద్రం ముందు ఇరుసుకు 70 సెంటీమీటర్లు వెనక, 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకున్న, మనిషికి 70 కిలోలు, సీట్లో కూర్చున్న మనిషి బరువు 65 సెంటీమీటర్ల ఎత్తులో పడతది, డ్రైవర్ ఇరుసుకు 80 సెంటీమీటర్లు వెనక, రెండో మనిషి 1.6 మీటర్లు వెనక. డ్రైవర్ ఒక్కడే ఉంటే 0.77 జీ వచ్చింది. వెనక మనిషి ఎక్కగానే 0.66కు పడిపోయింది. అవే బరువులతో నాలుగు చక్రాలు ఉంటే 1.18.

ఎండిన డాంబర్ మీద మామూలు టైరు పట్టు 0.7, 0.8 ఆ ప్రాంతంలో ఉంటది. అంటే ఒక్కడే ఉన్నప్పుడు గట్టిగా తిప్పితే జారుడు, లేచుడు దాదాపు ఒకేసారి. ఇద్దరున్నప్పుడు టైరు జారకముందే లోపలి వైపు చక్రం గాల్లోకి లేస్తది. జారితే స్టీరింగ్ వదిలి సర్దుకునే వీలుంటది, చక్రం లేచినాక పెద్దాయనకు ఆ టైమ్ ఎక్కడిది? రోడ్డు మీద కుక్క అడ్డం వస్తదని మనకు తెలియంది కాదు, ఒక్కసారి స్టీరింగ్ తిప్పుతం. పైగా ఆ వెనక సీటు ఖాళీగా ఉన్న రోజు అందులో బియ్యం బస్తానో, పత్తి విత్తనాల సంచులో వేస్తరు, అది కూడా లెక్కలోకే వస్తది.

ఇప్పుడు దీన్ని సరిచేయాలంటే ముందు చక్రాలు దూరం జరపాలి. 1.35 మీటర్లు చేస్తే ఇద్దరితో 0.74 వస్తది. కాని అప్పుడు టైర్ల బయటి అంచుల మధ్య 1.5 మీటర్లు అయితది. చిన్న ఎలక్ట్రిక్ కారు ఎంజీ కామెట్ వెడల్పు 1,505 మిల్లీమీటర్లు, అంటే నువ్వు సన్నటి బాడీ పెట్టి కూడా కామెట్ అంత జాగ తీసుకుంటున్నవు. గల్లీలో తట్టుకునేది ముందు చక్రాలే కదా, బాడీ ఎంత సన్నగా ఉంటే ఏం లాభం. అదే ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెడితే రెండో మనిషి బరువు కూడా ముందుకు వస్తది, 1.35 మీటర్లతో 0.82 వస్తది.

గాలి సంగతి కూడా చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల దగ్గర గాలి ఆపే బలం పక్కపక్క సీట్ల బాడీకి 44 న్యూటన్లు, సన్నటి బాడీకి 30 అనుకో. తేడా 14 న్యూటన్లు, అంటే కిలోమీటరుకు 4 వాట్ అవర్లు మాత్రమే. అదే స్పీడులో టైర్ల దొర్లుడుకే 60, 70 న్యూటన్లు పోతయి. 80 స్పీడులో అయితే తేడా 16 వాట్ అవర్ల దాకా పోతది, హైవే బండికి అది పెద్ద లెక్కనే. నువ్వు చేసేది హంటర్ రోడ్డు మీద, చౌరస్తా కాడ 30లో పోయే బండి. అక్కడ సన్నటి బాడీ నీకు మిగిల్చేది తక్కువ, తీసుకునేది ఎక్కువ.

నర్సంపేట_ఆటో_మెకానిక్

తమ్మీ, ఆ జీలు గీలు నాకు తెల్వయ్ గని ఆటోలు రిపేర్ చేసుడే నా పని, రోడ్డు ముచ్చట నేను చెప్త.

కారుకు రోడ్డు మీద రెండే జాడలు, నీ బండికి మూడు. కారోడు గుంత కనవడితే రెండు చక్రాల నడుమకెల్లి తీసుకపోతడు. నువ్వు గట్ల తీస్తే వెనక చక్రం పోయి సక్కగ గుంతల పడ్తది. పక్కకు తప్పిస్తే ముందుది ఒకటి పడ్తది. ఆటో నడిపేటోళ్లకు ఈ బాధ ఎరుకే, గని ఆటోల నడుమ చక్రం ముందుంటది, కండ్లకు కనవడ్తది, నీ దాంట్ల వెనకున్నది ఎక్కడ పోతుందో డ్రైవర్‌కు కనవడది.

ఇంకోటి, వానాకాలం పంట కోసినంక రోడ్డు మీద సగం దాక ఒడ్లు, మక్కలు ఆరబోస్తరు, నర్సంపేట దిక్కు ఏ ఊరికి పోయినా గదే. కారుకు ఒక దిక్కు చక్రాలు మక్కల మీదున్నా ఇంకో దిక్కువి డాంబర్ మీద ఉంటయి. నీ బండికి గుంజేది, రీజెన్ (యాక్సిలరేటర్ ఇడిస్తే మోటారే బ్రేకులెక్క పట్టి బ్యాటరీకి కరెంటు పంపుడు) పట్టేది రెండూ ఆ వెనక ఒక్క చక్రమే. అది మక్కల మీదనో, ట్రాక్టర్ కేజ్ వీల్ ఇడిసిపోయిన బురద మీదనో ఉన్నప్పుడు యాక్సిలరేటర్ ఇడువంగనే రీజెన్ గట్టిగ పట్టుకుంటె వెనక భాగం పక్కకు గుంజుకపోతది. అసలే బ్రేక్ పడ్డప్పుడు బరువు ముందుకు పోయి వెనక చక్రం తేలికైతది. రీజెన్ పెట్టుకో, గని తక్కువ పెట్టుకో, ఆపే పని ముందు రెండు డిస్కులదే కావాలె.

హబ్ మోటారు గురించి. చూడనీకి నీటుగ ఉంటది, నేను కాదనను. కాని పంచర్ అయితే? ఊర్ల పంచర్ దుకాణపాయన హబ్ మోటారు ఇప్పడు. ఇరుసుల నుంచి మూడు లావు వైర్లు, సన్న సెన్సార్ వైర్లు వస్తయి, పక్కకు టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండ పట్టే పట్టీ) ఉంటది. అది మళ్ల బిగించేటప్పుడు నట్టు లూజు ఉంటే ఇరుసే తిరిగి వైర్లన్ని మెలిక పడి తెగుతయి. నా దగ్గరికి గట్ల తెగినయి వస్తనే ఉంటయి. మోటారు బరువు మొత్తం స్ప్రింగ్‌కు కింద ఉంటది కాబట్టి ప్రతి స్పీడ్ బ్రేకర్ దెబ్బ బేరింగ్‌కు, రిమ్ముకు తగుల్తది. మోటారు ఛాసిస్‌కు కట్టి చక్రానికి చెయిన్‌తోనో బెల్టుతోనో పవర్ ఇయ్యి, లేకుంటె గేర్‌బాక్స్‌తోటి వచ్చే ఈ-ఆటో ఇరుసు చూడు.

టైర్లు మూడూ ఒక్క సైజు పెట్టు, ఒక్క స్టెప్నీ అన్నిటికి పనికొస్తది. మారుతి 800కు, ఆల్టోకు పడే 12 అంగుళాలయి ఏ ఊర్లనన్న దొరుకుతయి. చిన్న స్కూటర్ టైర్లు పెడితే మన స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు తాకుతది.

నన్ను అడిగితే వెనక ఒక్క చక్రం బదులు రెండు పెట్టు, దగ్గర దగ్గర పెట్టినా సరే.

పరకాల_టీచర్

అందరూ చక్రాల దగ్గరే ఉన్నారు, ఎక్కి కూర్చునేవాళ్ల గురించి నేను రాస్తాను. రోజూ హన్మకొండ నుంచి పరకాల వైపు బడికి పోయి వస్తాను, బస్సు, షేర్ ఆటో, స్కూటీ అన్నీ అయ్యాయి.

బాబూ, మీ అమ్మగారు చీర కడతారు కదా. ఒకరి వెనక ఒకరు కూర్చునే బండిలో వెనకవాళ్ల కాళ్లు ఎక్కడికి పోతాయో ఒకసారి ఆలోచించు. రెనో ట్విజీ అని 2012లో యూరప్‌లో వచ్చింది, సరిగ్గా మీరు గీసినట్టే ముందొకరు వెనకొకరు. అందులో వెనక మనిషి కాళ్లు ముందు సీటుకు అటొకటి ఇటొకటి చాపుకోవాలి. ప్యాంటు వేసుకున్న కుర్రవాడికి ఏమీ అనిపించదు. చీర కట్టుకున్న అరవై ఏళ్ల మనిషి మోకాళ్లు ఎడంగా పెట్టుకుని పదిహేను కిలోమీటర్లు కూర్చోగలదా? కాళ్లు దగ్గరగా పెట్టుకునేటట్టు చేయాలంటే వెనక సీటు ఇంకా వెనక్కి జరపాలి, అప్పుడు పైన తమ్ముడు చెప్పిన 0.66 ఇంకా తగ్గిపోతుంది.

ఎక్కడం గురించి కూడా. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కారు ఎక్కేటప్పుడు చూశారా, ముందు వీపు తిప్పి సీటు మీద కూర్చుంటారు, తర్వాత చేత్తో పట్టుకుని ఒక్కో కాలు లోపలికి తెచ్చుకుంటారు. దానికి సీటు పక్కనే తలుపు ఉండాలి, సీటు ఎత్తు కుర్చీ అంత ఉండాలి, గడప తక్కువ ఎత్తులో ఉండాలి. కప్పు పైకి లేచే డోర్‌లో గడప ఎత్తుగా వస్తుంది, దాన్ని కాలెత్తి దాటాలి. వానలో కప్పు లేపితే సీట్లన్నీ తడుస్తాయి. దేవుడు చల్లగా చూడాలి కానీ, బండి ఒరిగి పడితే ఆ కప్పు తెరుచుకోదు, లోపలివాళ్లు బయటికి ఎలా వస్తారు? ఇది మాత్రం దయచేసి పక్కన పెట్టేయండి.

ట్విజీకి మొదట్లో అద్దాల కిటికీలు కూడా లేవు, అక్కడి వాతావరణానికి నడిచిందేమో. ఇక్కడ మే నెల మధ్యాహ్నం వడగాలిలో కిటికీ లేని బండి స్కూటీ కన్నా మెరుగేమీ కాదు.

ఇంకో చిన్న విషయం. భార్యాభర్తలు ఆసుపత్రికి పోతుంటే మాట్లాడుకుంటూ పోతారు. వెనక కూర్చున్న మనిషికి ముందున్న ఆయన మాట వినపడదు, ముందు రోడ్డు కనపడదు, వాంతి వచ్చేవాళ్లకు అది ఇంకా కష్టం. పక్కపక్కనే కూర్చోబెట్టండి.

హన్మకొండ_ఫ్యాబ్రికేటర్

మేడం, మీరు చెప్పింది చదివి అమ్మను కుర్చీల కూసోబెట్టి ముందట ఇంకో కుర్చీ పెట్టి చూసిన. మీరన్నట్టే కాళ్లు పెట్టే జాగ లేదు. పక్కపక్క సీట్లకే పోతున్న. డ్రైవర్ సీటుకన్నా పక్క సీటు పది, పదిహేను సెంటీమీటర్లు వెనక పెడితే భుజాలు తగలవు, బాడీ వెడల్పు కొంచెం తగ్గించుకోవచ్చు అనుకుంటున్న, అంత జరిపితే బరువు పెద్దగ వెనకకు పోదు గదా?

డోర్లు రెండైతే రెండు మౌల్డులు, రెండు ఖర్చులు. దానికి సిట్రోయెన్ ఆమి అనే చిన్న ఎలక్ట్రిక్ బండి చూసిన, 2020ల వచ్చింది. దాని కుడి డోరు, ఎడమ డోరు ఒక్కటే ముక్క. అందుకే ఒకటి ముందుకు తెరుచుకుంటది, ఇంకోటి వెనకకు తెరుచుకుంటది. ముందు బంపర్ ముక్కనే వెనక కూడ వాడిండ్రు. నాకైతే ఈ ఐడియా మస్తు నచ్చింది, ఫైబర్ మౌల్డు ఒక్కటి చేస్తే సరిపోతది. వెనక నుంచి కీలు ఉన్న డోరు అమ్మ దిక్కు పెడితే వీపు తిప్పి కూసునుడు ఇంకా ఈజీ అయితది, కాని నడుస్తున్నప్పుడు లాక్ ఊడితే గాలికి పూర్తిగ తెరుచుకుంటది, కాబట్టి ఆ దిక్కు రెండు దశల లాక్ పెట్టాలె.

బ్యాటరీ, సోలార్ మీద ఎవరన్న చెప్పుండ్రి.

కాజీపేట_బ్యాటరీ_షాపు

సోలార్ నుంచి మొదలుపెడ్త, ఎందుకంటే అందరు దానికే ఆశపడ్తరు.

మీ కప్పు మీద ఒకటిన్నర చదరపు మీటర్లు దొరుకుతది, అంటే 300 వాట్ల ప్యానెల్. కప్పు ఫ్లాట్‌గా ఉంటది, దుమ్ము పడ్తది, వేడికి ప్యానెల్ ఇచ్చేది తగ్గుతది, మంచి ఎండ రోజు ఒక యూనిట్ కొంచెం అటు ఇటు వస్తది. మీ బండి కిలోమీటరుకు 55, 60 వాట్ అవర్లు తాగుతది అనుకుంటే 17, 18 కిలోమీటర్లు. వినడానికి మంచిగనే ఉంది. కాని ఆ యూనిట్ రావాలంటే బండిని రోజంతా ఎండల పెట్టాలె. సాయంత్రం లోపల కూసుంటే సీటు కాలుతది, ఏసీ వేస్తరు. చిన్న క్యాబిన్ ఏసీ 700 వాట్లు అనుకున్నా మన సిటీ స్పీడు సగటు 25 ఉంటది కాబట్టి కిలోమీటరుకు 28 వాట్ అవర్లు అదే తింటది. ఎండ ఇచ్చింది ఎండకే పాయె. అదీగాక చాలా ఎల్‌ఎఫ్‌పీ సెల్ కంపెనీలు చార్జింగ్ 45 డిగ్రీల లోపలనే చెయ్యమంటయి. మే నెలల ఎండకు పెట్టిన బండి అడుగున బ్యాటరీ పెట్టె అంతకన్న వేడెక్కుతది, అంటే సోలార్ కరెంటు మస్తుగ వచ్చే టైముకే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) వద్దంటది.

బరువు కూడ చూడు. గాజు ప్యానెల్ ఫ్రేముతో చదరపు మీటరుకు 11, 12 కిలోలు, మొత్తం 18 కిలోలు, అదీ నెత్తి మీద, మీటరున్నర ఎత్తుల. పైన తమ్ముడు వేసిన లెక్కల ఇద్దరు కూసున్నప్పటి 0.66లో దీన్ని కలిపితే 0.61కి దిగుతది. అదే ప్యానెల్ షెడ్డు రేకుల మీద దక్షిణం దిక్కు 18 డిగ్రీలు వంచి పెట్టు, బండి నీడల పెట్టి దానితోని చార్జ్ చెయ్యి, ఎక్కువ యూనిట్లు వస్తయి, బండి చల్లగ ఉంటది.

ఇగ బ్యాటరీ. 24 సెల్స్ అంటే ఫుల్ చార్జ్‌ల 87 వోల్టులు. 60 వోల్టుల డీసీ దాటితే సేఫ్టీ రూల్స్‌ల హై వోల్టేజ్ కింద లెక్క, ఇన్సులేషన్, కనెక్టర్లు, అన్ని గట్టిగ చెయ్యాలె. 16 సెల్స్, 150 ఏహెచ్‌వి పెడితే యూనిట్లు అవే 7.7, ఫుల్ చార్జ్‌ల 58.4 వోల్టులు, గీత లోపల ఉంటవు. దానికి బదులుగ ఏం ఇస్తవంటే కరెంటు ఒకటిన్నర రెట్లు అయితది, 8 కిలోవాట్లకు 104 ఆంప్స్ పోయేది 156 పోతది, అవే వైర్లైతే వేడి రెండు రెట్లకు పైన. లావు కాపర్ వెయ్యి, కంట్రోలర్ బ్యాటరీ పక్కనే పెట్టు. షెడ్డుల పిల్లలు చేతులు పెట్టి పనిచేసే మొదటి బండికి నేనైతే 16 సెల్స్‌కే పోత.

ఏసీ లేకుంటె 120 కిలోమీటర్లు, ఏసీతోని 80 దాక వస్తది. నీకు కావల్సింది 60. బ్యాటరీ పెంచకు. పెంచితే బరువు, బరువుకు బ్రేకులు, బ్రేకులకు మళ్ల బరువు. బెంగళూరు ఎలక్ట్రిక్ కారు రేవా 2001ల వచ్చినప్పుడు ఎనిమిది లెడ్ యాసిడ్ బ్యాటరీలు సీట్ల కిందనే మోసుకుంట తిరిగింది, ఆ కాలంల వేరే దారి లేదు. ఇప్పుడు 7.7 యూనిట్ల ఎల్‌ఎఫ్‌పీ ప్యాకు 70 కిలోలల్ల అయిపోతది. దాన్ని వెనక పడెయ్యకు, సీట్ల కింద, ముందు దిక్కు జరిపి పెట్టు.

నీళ్లు ఒక్కటి యాది పెట్టుకో. 2020 ఆగస్టుల, 2023 జులైల మన సిటీల నీళ్లు ఎట్ల నిలిచినయో అందరం చూసినం. బరువు కోసం బ్యాటరీ ఎంత కిందికి దింపితే నీళ్లకు అంత దగ్గరైతది. ప్యాకు నీళ్లు పోని పెట్టెల పెట్టి సీలు చెయ్యి, కాని కనెక్టర్లు, బీఎంఎస్, చార్జర్ మాత్రం సీటు ఎత్తులకు తెచ్చుకో, అవి తేలికనే ఉంటయి, పైన ఉన్నా నష్టం లేదు.

ఎఫీసైకిల్_పాత_టీమ్

అన్నా, సీటు పది పదిహేను సెంటీమీటర్లు వెనక్కి జరిపితే పెద్ద తేడా రాదు, చెయ్యి. నర్సంపేట అన్న ఒక్క లైన్‌లో రాసి వదిలేసిండు కాని వెనక రెండు చక్రాలు దగ్గర దగ్గర అన్నదే ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా పనికొచ్చే మాట. 1950లలో బీఎండబ్ల్యూ ఇసెట్టా అనే చిన్న కారుకు అట్లనే చేసింది. ముందు చక్రాల మధ్య 1.2 మీటర్లు, వెనక వాటి మధ్య 52 సెంటీమీటర్లే. అంత దగ్గరుంటే మలుపులో రెండూ దాదాపు ఒకే దూరం తిరుగుతయి, డిఫరెన్షియల్ అక్కరలేదు, ఒకే ఇరుసుకు ఒక మోటారు. బ్రిటన్‌లో మాత్రం మూడు చక్రాలైతే టాక్స్ తక్కువని దాన్ని వెనక ఒంటి చక్రంతో కూడా అమ్మిన్రు.

నీ మొదటి కొలతలకే, ముందూ వెనకా సీట్లతోనే, వెనక 52 సెంటీమీటర్ల జంట చక్రాలు పెట్టి లెక్క వేస్తే 0.66 కాస్త 0.89 అయింది. పక్కపక్క సీట్లతో 0.93. ముందు చక్రాలు 1.2 మీటర్ల దగ్గరే ఉంచి కూడా. అంటే టైరు జారుడే ముందు వస్తది, లేచుడు తర్వాత. ఒక టైరు, ఒక రిమ్ము, కొంచెం ఇరుసు పొడుగు, 15, 20 కిలోలు పెరుగుతది, అంతే. గుంతల సమస్య పూర్తిగా పోదు, జాడలు నాలుగు అయితయి, కాని ఒక చక్రం గుంతలో పడ్డప్పుడు రెండోది నేల మీద ఉంటది, మక్కల మీద కూడా అంతే. డిఫరెన్షియల్ లేకపోవడం వల్ల యూ టర్న్‌లో టైర్లు కొంచెం రుద్దుకుంటయి, ఆ అరుగుదల ఒప్పుకోవాలి.

సుబేదారి_వాసి

రిజిస్ట్రేషన్ గురించి ఒక్క ముక్క. ఇప్పుడు ప్రైవేటు ఆవరణలో అంటున్నరు కాబట్టి సరే, రోడ్డు మీదికి మాత్రం పొరపాటున కూడా తేవద్దు. కొత్త మోడల్ బండి ఏదైనా సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్ 126 కింద పుణె ఏఆర్‌ఏఐ, మానేసర్ ఐక్యాట్ లాంటి సంస్థల్లో టెస్ట్ పాసై టైప్ అప్రూవల్ తెచ్చుకోవాలి, అది లేకుండా ఆర్టీఏ నంబర్ ఇవ్వదు, ఇన్సూరెన్స్ రాదు. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి 2026 చివరిదాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఇచ్చింది కూడా రిజిస్టర్ అయ్యే బండ్లకే.

జంట చక్రాలు పెట్టేముందు ఇది చూసుకోండి. యూరప్ రూల్స్‌లో ఒకే ఇరుసు మీది రెండు చక్రాల మధ్య దూరం 460 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఒక్క చక్రంగా లెక్కిస్తరు. 450 పెడితే ఒక కేటగిరీ, 520 పెడితే ఇంకో కేటగిరీ. నాలుగు చక్రాలైతే మన దగ్గర క్వాడ్రిసైకిల్ (కారు కన్నా చిన్న, తేలిక నాలుగు చక్రాల బండి) వైపు పోతది, బజాజ్ క్యూట్ ఉన్న కేటగిరీ అదే, బరువుకు, స్పీడుకు పరిమితులుంటయి. ఏడు సెంటీమీటర్ల తేడాతో మొత్తం టెస్టులు మారిపోతయి కాబట్టి ఇరుసు చేయించకముందే ల్యాబ్ వాళ్లకు డ్రాయింగ్ పంపి అడగండి.

హన్మకొండ_ఫ్యాబ్రికేటర్

అందరికి మస్తు థాంక్స్. ఇప్పుడు డ్రాయింగ్ మార్చిన. పక్కపక్క సీట్లు, వెనక జంట చక్రాలు, మోటారు ఛాసిస్‌కు, 16 సెల్స్ సీట్ల కింద, సోలార్ షెడ్డు మీదికి పోయింది, డోర్లు రెండు ఒక్క మౌల్డుల. ముందు ఫ్రేము, చక్రాలు, సీట్లు మాత్రం చేసి బాడీ లేకుండ బరువుల లెక్క చూసుకుందామని. తమ్మీ, నువ్వు వేసిన 45 సెంటీమీటర్ల ఎత్తు అందాజానే గదా, నిజంగ ఎంతున్నదో తెలుసుకునుడు ఎట్ల? మా షెడ్డుల టిప్పింగ్ ట్రాలీ ఉంది, హైడ్రాలిక్ జాక్‌తోని 45 డిగ్రీల పైన లేస్తది, దాని మీద పెట్టి చూడొచ్చా?

ఎఫీసైకిల్_పాత_టీమ్

టిప్పింగ్ ట్రాలీ ఉంటే ఇంకేం కావాలన్నా, కంపెనీలు టిల్ట్ టేబుల్ అని అదే వాడతయి. బండిని ట్రాలీలో అడ్డంగా పెట్టు, కింది వైపు చక్రాలు జారకుండా టైరు అంచుకు ఒక అంగుళం ఎత్తు యాంగిల్ వెల్డ్ చెయ్యి, అంతకన్నా ఎత్తు పెడితే అదే బండిని పట్టుకుని తప్పుడు నంబర్ ఇస్తది. పై వైపు తాడు వదులుగా కట్టు, లేచినాక పడిపోకుండా పట్టడానికి మాత్రమే. సీట్లలో మనుషులను కూర్చోబెట్టకు, 70 కిలోల ఇసుక బస్తాలు నిలబెట్టి బెల్టు కట్టు. మెల్లగా లేపుకుంటూ పో, పై వైపు చక్రం కింద కాగితం పెట్టి లాగుతూ ఉండు. కాగితం ఫ్రీగా వచ్చిన క్షణంలో జాక్ ఆపి కోణం కొలువు. 0.66 అంటే 33 డిగ్రీలు, 0.89 అంటే 41 దాటాలి. ఒక్క బస్తాతో ఒకసారి, రెండు బస్తాలతో ఒకసారి, వెనక సామాన్ల జాగలో ఇంకో 50 కిలోలు వేసి ఒకసారి చెయ్యి.

నర్సంపేట_ఆటో_మెకానిక్

రెండు పనులు చెయ్యి తమ్మీ. స్ప్రింగులు లాక్ చేసి ఒకసారి, ఇడిసిపెట్టి ఒకసారి లేపు. స్ప్రింగు మెత్తగుంటే బండి ముందే పక్కకు వంగి బరువు అటు జరుగుతది, కోణం రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తది, నిజంగ రోడ్డు మీద ఉండేది గదే. టైర్లల్ల గాలి కూడ మామూలుగ నడిపేటప్పుడు ఎంతుంటదో అంతే పెట్టు. తక్కువ వస్తే ముందు స్ప్రింగులకు యాంటీరోల్ బార్ (మలుపుల బండి పక్కకు వంగకుండ ఆపే కడ్డీ) ఒకటి చేయిద్దాం, నర్సంపేటకు రా, పాత కారుది చూసి సైజు కొలుచుకుందాం.